తొక్కకపోయినా తిరిగే చైన్

పడిపోయిన నాటి నుంచీ స్వప్న కలల్లో ఒక పెడల్ కిందికి దిగుతూనే ఉండేది. దాని వెంట ఆమె పాదమూ దిగేది, ఎక్కడా ఆనేది కాదు. కింద రాయి లేదు, నేల లేదు. కలలో భయం కూడా ఉండేది కాదు. నీళ్ళలో మునుగుతున్నట్టు మెత్తగా దిగిపోతూ ఉండగానే మెలకువ వచ్చేది. లేచాక మాత్రం భుజం మీద చెయ్యి వేసి, ఎముక అతికిన చోట గట్టిపడిన బుడిపెను కాసేపు తడుముకునేది.

హన్మకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీయడం ఆమె ఉద్యోగం. సెలవు దొరికితే సీటు లేని సైకిలెక్కి బండల మీదికి గెంతడం ఆమె పిచ్చి. ట్రయల్స్ సైకిలంటారు దాన్ని. కూర్చోవడానికి ఉండదు, దూరం పోవడానికి పనికిరాదు. బ్రేకులు పట్టి వెనక చక్రం మీద నిలబడి, పెడల్‌ను ఒక్క తన్ను తన్ని, ఈ రాయి మీంచి ఆ రాయి మీదికి ఎగరడమే దానితో చేసే పని. ధర్మసాగర్ చెరువు పక్క బండల మీద అలా ఎగరబోయినప్పుడే ఆమె తన్నుకు పట్టు దొరకలేదు. తొక్కితే పట్టుకుని, ఆపితే వదిలేసే ఫ్రీవీల్ లోపలి పళ్ళు అరిగిపోయి జారాయి. సైకిలు ముందుకు లేవలేదు, పాదం ఒట్టిగా కిందికి పోయింది. రెండు బండల నడుమ సందులో పడి ఆమె భుజం ఎముక విరిగింది.

మామూలు సైకిళ్ళకు ఫ్రీవీల్ వెనక చక్రం నడిమి హబ్ దగ్గరే ఉంటుంది. తొక్కడం ఆపితే చైనూ ఆగిపోతుంది. స్వప్న సైకిలుకు అది ముందు, పెడళ్ళ దగ్గర ఉంది. కాళ్ళు ఆపినా సరే, చక్రం దొర్లుతున్నంతసేపూ చైన్ తిరుగుతూనే ఉంటుంది.

"ముందటిది ఒద్దే ఇగ," అంది నవ్య. వరంగల్ బజారులో స్టీలు సామాన్ల కొట్టు వాళ్ళది. ఇద్దరూ కలిసే ఈ విద్య నేర్చుకున్నారు, కలిసే మోకాళ్ళు పగలగొట్టుకున్నారు. "నా తీర్గ వెనక హబ్ ఏస్కో. తన్నంగనే పట్టుకుంటది. నా పాత చక్రం ఊకెనే ఉన్నది, తీస్కపో."

"కొత్త ఫ్రీవీల్ తెప్పిచ్చిన. బిగిచ్చిన గూడ."

"బిగిస్తే ఇప్పరాదా?"

"రెండూ ఎక్కి చూస్త నవ్యా. అప్పుడు చెప్త."

"యాడ ఎక్కుతవ్?"

"గాడనే, పడ్డకాడ."

నవ్య చేతిలోని గిన్నెను గల్లా మీద పెట్టి, తుడిచిన దాన్నే మళ్ళీ తుడవసాగింది. వద్దని మాత్రం అనలేదు.

స్వప్న తల్లి ఏసమ్మ కూడా ఇన్ని నెలల్లో ఒక్కసారీ వద్దనలేదు. ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేసి రిటైరైన మనిషి. వందమందిని ఒక్క చూపుతో పండుకోబెట్టినామె, కూతురి సైకిలు విషయంలో మాత్రం నోరు మెదపలేదు. ఆ మౌనమే స్వప్నకు భుజం నొప్పి కన్నా బరువుగా ఉండేది. ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, స్వప్న హెల్మెట్ తీస్తుంటే ఏసమ్మ చెప్పులేసుకుని గడపలో నిలబడింది.

"నేను గూడ వస్త."

"ఎండల నువ్వెందుకమ్మా?"

"నువ్వు పడ్డ జాగ నేను సూడలె. ఒక్కపారి సూస్త."

తమ కొట్టు ట్రాలీ ఆటోలో సైకిళ్ళు రెండూ పడుకోబెట్టి, నవ్యే నడిపింది. చలికాలపు ఎండ పలచగా, పాలలో పసుపు కలిసినట్టు పరుచుకుని ఉంది. చెరువు మీద నీళ్ళెక్కడ ఆగాయో ఆకాశమెక్కడ మొదలైందో తెలియడం లేదు. ఒక పడవ గాలిలో వేలాడుతున్నట్టు కనిపించింది. గట్టు దిగి బండల దాకా నడిచేటప్పుడు, కూతురి సైకిలు తానే నడిపిస్తానంది ఏసమ్మ. ఆవును పట్టుకున్నట్టు హ్యాండిల్ పట్టుకుని, దానితో పాటు మెల్లగా నడిచింది. చైన్ సన్నగా సణుగుతూ ఆమె పక్కన తిరుగుతోంది.

ఉన్నట్టుండి ఆమె వంగిపోయింది. చీర కుచ్చిళ్ళ అంచు చైన్లోకి పోయింది.

నవ్య సైకిలు ఎత్తి పట్టుకుంటే, స్వప్న చక్రాన్ని వెనక్కి తిప్పి గుడ్డను బయటికి తీసింది. అంచు నల్లబడి జానెడు చిరిగింది. ఏసమ్మ చీర గురించి అడగలేదు.

"ఎవ్వరు తొక్కుతలేరు గద. ఎట్ల తిరుగుతాందిది?"

"గదే ఆంటీ దీని లొల్లి," అంది నవ్య. "వెనక హబ్బుంటే ఇట్ల గాదు. నడిపిచ్చినా చైన్ సప్పుడు జెయ్యక ఉంటది."

ఏసమ్మ కూర్చుని, చక్రాన్ని చేత్తో తిప్పింది. కదలని పెడళ్ళను, వాటి పక్కన పరుగెడుతున్న చైన్‌ను చాలాసేపు చూసింది.

స్వప్న ముందు నవ్య సైకిలెక్కింది. చిన్న బండల మీద రెండు మూడుసార్లు గెంతి, తర్వాత ఆ సందు ముందుకు వచ్చి నిలబడింది. కలల్లో అది లోయంత ఉండేది. ఇప్పుడు చూస్తే మేక దూకేంత ఉంది. లోపల ఎండుటాకులు, ఒక చిప్స్ పొట్లం. ఏసమ్మ మొహం తిప్పుకుని చెరువు వైపు చూస్తోంది. స్వప్న ఊపిరి బిగబట్టి తన్నింది. హబ్ టక్కున పట్టుకుంది. చక్రం లేచింది, అవతలి బండ వచ్చి చక్రం కింద నిలిచింది.

"జూసినవా?" అంది నవ్య. "ఏమన్న జారిందా?"

జారలేదు. ఏ లోపమూ లేదు. అయినా ఎగిరింది తాను కాదనిపించింది స్వప్నకు. నిద్రలో ఎవరో ఎత్తుకుపోయి అవతలి పక్క మీద పడుకోబెట్టినట్టుంది.

తర్వాత తన సైకిలెక్కింది. సందు జోలికి పోకుండా, ఏటవాలు బండ మీంచి కాళ్ళు కదపకుండా కిందికి దొర్లింది. పెడళ్ళు నిలకడగా ఉన్నాయి. కానీ పాదాల కింద ఫ్రీవీల్ కిటకిటలాడుతూనే ఉంది. బండ గరుకుగా ఉన్నచోట ఒక తీరుగా, నున్నగా ఉన్నచోట ఇంకో తీరుగా ఆ అదురు బూట్ల అడుగు నుంచి పిక్కల్లోకి ఎక్కుతోంది. ఆమె కళ్ళు మూసుకుంది. ఎండ రెప్పల మీద ఎర్రగా వెలిగింది. సైకిలు ఆమెతో మాట్లాడుతున్నట్టే ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. పడడానికి కొన్ని వారాల ముందు నుంచే పాదం కింద ఆ కిటకిట అక్కడక్కడా తప్పేది. పాటలో ఒక తాళం పోయినట్టు. విన్నది. విని, అలవాటైపోయి, వినడం మానేసింది. ఆ పాత ఫ్రీవీల్ మోసం చేయలేదు. చెప్పింది, చెప్పి చెప్పి అరిగింది.

ఆమె బండ పైకి తిరిగి వచ్చి హెల్మెట్ పట్టీ బిగించుకుంది.

"ముందటిదే ఉంచుకుంట నవ్యా."

"పాగల్ అయినవా? నిన్ను పడేసింది గదే అది."

"నాకు దాని సప్పుడు కాలు కింద ఉండాలె. వెనకకు పోతే నాకు ఇనపడది. నీకు ఇనపడ్తదేమో."

"నాకైతే ఏం ఇనపడది," అంది నవ్య. ముందు మూతి ముడుచుకుంది, తర్వాత నవ్వేసింది. "నేను దానెంబడి చెవి పెట్టను గూడ. పట్టుకుంటే సాలు నాకు."

"అమ్మా, నేనిప్పుడు దుంకుతాన," అంది స్వప్న. "సూస్తే సూడు, లేకుంటే లేదు."

ఏసమ్మ ఈసారి మొహం తిప్పుకోలేదు. చిరిగిన అంచును పిడికిట్లో పట్టుకుని నిలబడింది.

స్వప్న వెనక చక్రం మీద లేచింది. ఒక గెంతు, ఇంకో గెంతు, అంచు. పెడల్‌ను కొద్దిగా వెనక్కి తెచ్చింది. కిటకిటమని ఒక్కో పన్నూ జారుతూ పాదానికి లెక్క చెప్పింది. తన్నింది. పట్టు దొరికింది. గాలిలో ఉన్నంతసేపూ లోకమంతా నిశ్శబ్దం. చెరువు ఒక పక్కకు ఒరిగి మళ్ళీ నిలబడింది. బండ మీద చక్రం దిగిన మోత తన ఎముకల్లోనే వినిపించింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నవ్య కింద ఫోను పట్టుకుని వీడియో తీయడం మరిచిపోయి నిలబడింది. ఏసమ్మ మెల్లగా వచ్చి, కూతురు నిలబడిన బండ మొదట్లో ఆగి, తలెత్తి చూసింది.

"ఆ మీద ఏం కనపడ్తది బిడ్డా?"

"అన్నీ కనపడ్తయ్. రాదల్సుకుంటే రా."

"మోకాళ్ళు సహకరించయ్."

"మేమున్నం గద ఆంటీ," అంది నవ్య.

ఒకరు పైనుంచి చేతులందించారు, ఇంకొకరు కిందినుంచి నడుం పట్టి లేపారు. ఏసమ్మ నవ్వుతూ, ఆయాసపడుతూ, దేవుడి పేరు తలుచుకుంటూ బండ మీదికి చేరింది. చీర సర్దుకుని నిటారుగా నిలబడింది. చెరువు అవతల పొలాలు, వాటి అవతల పొగమంచులో గుట్టలు, ఇంకా అవతల ఏవో ఊళ్ళు ఒకదాని వెనక ఒకటి పలచబడుతూ పోతున్నాయి.

"ఇంత దూరం కనపడ్తదా," అంది నెమ్మదిగా.

పొద్దు వాలుతోంది, దిగుదామని నవ్య అంది. ఏసమ్మ వినిపించుకోలేదు. కొంగు నిండుగా కప్పుకుని, అక్కడే ఆ వెచ్చటి రాయి మీద చతికిలబడింది.