పొట్టి విమానం

"గుళ్లో అంటుకుందేమో అన్నానుగా," అన్నాడు కేశవరావు మళ్లీ.

"మొన్న శుక్రవారం తెల్లారకుండానే డ్యూటీకి పోయిన మనిషి గుడికెప్పుడు వెళ్లారండీ?" అనురాధ భర్త చొక్కా చేతిమడతను కిటికీ వెలుగులోకి తిప్పింది. నారింజ రంగు సిందూరం. ఇంట్లో ఉన్నది ఎర్ర కుంకుమ. ఈ రంగు పాపిట్లో దిద్దుకునే ఆవిడ ఆయన షిఫ్టులో ఒకరున్నారు. కొన్నాళ్లుగా ఆయన అన్నం దగ్గర నోరు విప్పడం లేదు. ఫోన్ మోగితే చాలు, గరాజ్‌లోకి వెళ్లిపోతున్నాడు.

"ఇవాళ నేనే డ్రాప్ చేస్తా. అదితీ, నువ్వూ రా."

సెలవులకు వచ్చిన కూతురు నోట్లో బ్రష్‌తోనే తల పట్టుకుంది.

అమెరికాలో వాళ్లుండే అల్ఫారెట్టా దాటి గంట దూరంలో సరుకుల విమానాలు దిగే చిన్న ఎయిర్‌పోర్టు. కేశవరావు లోపలికి వెళ్లాక అనురాధ వెనక్కి తిరగలేదు. కారు కంచె పక్కన ఆపి చూస్తూ కూర్చుంది.

ఆయన నేరుగా పొట్టి డీసీ-నైన్ విమానం దగ్గరికి నడిచాడు. ఆ వరుసలో మొదట వచ్చిన రకం అది. పగలు మనుషుల్ని, రాత్రి సీట్లు తీసేసి సరుకుల్ని మోయడానికి అరవైల్లో కట్టారు. చిన్న ఊళ్లలో మెట్లబండి ఉండదని తోక కిందే మెట్లు పెట్టారు. తర్వాత పొడుగువి వచ్చాయి, అవీ పోయాయి. ఇది మాత్రం సరుకులు మోస్తూ మిగిలింది. మెకానిక్‌గా కేశవరావు ఉద్యోగమంతా దీని టైర్లు, బ్రేకులు, కారే నూనె. వాళ్ల పెళ్లిరోజులు సగం దీని కిందే గడిచాయి.

అటూ ఇటూ చూసి, జేబులోంచి చిన్న డబ్బా తీసి, ముక్కు చక్రం తలుపు లోపలివైపు బొటనవేలితో నారింజ రంగు బొట్టు పెట్టాడు.

"అమ్మా, నీ సవతికి సిక్స్టీ ఇయర్స్!" అదితి పడీ పడీ నవ్వింది.

అనురాధ నవ్వలేదు. "బొట్టు సరే. ఆ ఫోన్లు దేనికి?"

విమానం పెద్ద మోతతో లేచి మబ్బుల్లో కలిసింది. అంతదాకా నిలబడి, కేశవరావు కంచె దగ్గరికి వచ్చాడు. వాళ్లను చూసి ఆశ్చర్యపోలేదు.

"పాత విమానాల్ని పడేసే ఎడారికి పోయింది. అక్కడ దాన్ని కోసేస్తారు. విప్పడానికి నన్నే రమ్మని రోజూ కాల్స్. పర్మినెంట్ జాబ్ అన్నారు."

"మీరేమన్నారు?"

"రానని ఇందాకే చెప్పేశా." ఆయన కూతురి వైపు కూడా చూశాడు. "ఇక్కడ నా పని ఇవాళ్టితో అయిపోయింది. రేపట్నుంచి ఇంట్లోనే ఉంటానమ్మా."

ఆయన వెనక ఖాళీ కాంక్రీటు మీద, చక్రాలు దొర్లకుండా పెట్టే రెండు చెక్కదిమ్మలు, మధ్య ఒక టైరు పట్టేంత ఎడంతో, ఎదురెదురుగా అలాగే ఉన్నాయి.