ప్రేమలత నోట రాని పేరు

"ఎవ్వలు గేటు దాటొద్దు," అన్నాడు భోజ్యా.

కొడకండ్లలో షూటింగ్ జరుగుతున్న ఇంటి గేటుకు అడ్డంగా నిలబడ్డాడు. దర్శకుడు అతనే. పొద్దున తీసిన క్లైమాక్స్ ఉన్న మెమరీ కార్డు కెమెరాలో లేదు. రేపు సాయంత్రం యూట్యూబ్‌లో విడుదల. ఇప్పుడు టైము మూడు. హీరో ఐలేశ్ నాలుగు గంటల బస్సెక్కాలి. తెల్లారితే మహదేవపూర్‌లో అతనికి డ్యూటీ.

ఎనిమిదేళ్ల కింద ఇదే ఇంట్లో తీసిన మొదటి భాగాన్ని యాభై లక్షల మంది చూశారు. అందులో ప్రేమించుకున్న ఐలేశ్, ప్రేమలత ఆర్నెల్లకే నిజంగా పెళ్లి చేసుకున్నారు. రెండో భాగం కథ ప్రేమలతే రాసింది. చివర్లో భార్యాభర్తలు విడిపోతారు. ఆ సీనే ఇప్పుడు మాయమైంది.

"వాజిద్, కెమెరా నీ దగ్గర్నే ఉండె గద," అన్నాడు భోజ్యా.

కెమెరామన్ వాజిద్ ముఖం మాడ్చుకున్నాడు. "నా దగ్గరున్నదాన్ని నేనే ఎందుకు దొంగిలిస్త అన్నా? అన్నం తినేటప్పుడు బల్ల మీద పెట్టిన. గంతే."

"అయితె రేపటి సంది వేరే కెమెరామన్‌ను చూసుకుంట."

ప్రేమలత కెమెరా అందుకుని కార్డు పెట్టే మూత తెరిచింది. సందులో ఒక నువ్వుగింజ. దాని చుట్టూ నూనె మరక.

మధ్యాహ్నం అందరూ పప్పన్నం తిన్నారు. బియ్యప్పిండిలో నువ్వులేసి ఆమె కాల్చిన సర్వపిండి రొట్టె ఒక్కటే ఒకటి. అది పదిహేను రోజులకు ఇల్లు చేరిన మనిషికి.

"దొంగ దొరికిండు," అంది.

"ఎవలు?"

"మా ఆయన."

ఐలేశ్ బూటు లేసు కట్టుకుంటూనే ఉన్నాడు. "ఏ ఆయన? నువ్వు రాసిన సీన్ల పొద్దుగాలనే విడిపోయినం గద. పేరు చెప్పు, ఒప్పుకుంట."

వాజిద్ చప్పుడు చేయకుండా కొత్త కార్డు వేసి, కెమెరా భుజానికెత్తుకున్నాడు.

ప్రేమలత ఇరుక్కుపోయింది. పెళ్లినాడు ఆడబిడ్డలు గడప దగ్గర అడ్డం నిలబడి గంటసేపు బతిమాలినా ఆమె ఆ పేరు పలకలేదు. పలికితే భర్త ఆయుష్షు తగ్గుతుందని వాళ్ల అవ్వ చెప్పింది. విడిపోయే సీన్‌లో పేరు పెట్టి తిట్టమని భోజ్యా ఎంత పోరినా వినలేదు.

"ఆయుష్షు తగ్గుతదయ్యా."

"తగ్గనీ. విడిపోయినోని ఆయుష్షుతోని నీకేం పని?"

"కార్డెందుకు తీసినవ్?"

ఐలేశ్ లేసు వదిలేశాడు. "'పదిహేను రోజులకోసారి వచ్చేటోని కోసం బతుకంత బస్టాండ్ల నిలబడ' అన్నవ్. గది సినిమా కోసం రాసింది కాదు. పోయిన నెల ఫోన్ల నన్ను అన్నదే. ఒక్క మాట సుత మారలేదు. గది లోకమంత చూసినంక మనం మళ్ల కలుస్తమా?"

భోజ్యా గేటు సంగతి మర్చిపోయాడు.

"నిజమే రాసిన," అంది ప్రేమలత. "ఇంక నిలబడ."

ఐలేశ్ ముఖం పాలిపోయింది.

"నేను సుత బస్సెక్కుత. మహదేవపూర్ల ఒక రూము కిరాయికి చూడు. తిట్లు రాసిన చెయ్యే సర్వపిండి కాల్చింది, అది తెల్వలేదా? తిన్నంక చెయ్యన్న కడుక్కోవద్దా?"

ఐలేశ్ జేబులోంచి కార్డు తీశాడు. ఆమెకు చూపించి మళ్లీ గుప్పిట మూశాడు. "పేరు."

"జర జల్ది చెప్పక్కా," అన్నాడు భోజ్యా. "లేకుంటె దొంగ వాజిదే అని పనిల నుంచి తీసేస్త."

కెమెరా వెనక నుంచి వాజిద్ బొటనవేలు చూపించాడు. రికార్డు అవుతోంది.

ప్రేమలత కొంగుతో ముఖం తుడుచుకుంది. కెమెరాను కాదు, ఆ మూసిన గుప్పిటను కాదు, అతన్నే చూసింది.

"ఐలేశ్," అంది.