మోకరించిన ఎలుగుబంటి

మా చర్చిలో తుల్సీరాం వరసగా మూడో ఆదివారం సాక్ష్యం చెప్పేసరికి ఎలుగుబంటి రెండు చేతులూ జోడించి వెక్కి వెక్కి ఏడ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది. మోకాళ్ల మీద పడిన మాట నిజమే, కాదనను. కానీ చేతులు జోడించలేదు, ఏడవనూ లేదు. ఆ సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు, ఎందుకంటే ఆ ఎలుగుబంటిని నేనే.

నా పేరు రూప్‌సింగ్. అశ్వారావుపేట దాటాక అడవి అంచున మా తండా. నలభై గడపలు, ఒక రేకుల చర్చి. పదకొండేళ్లుగా ఆ చర్చికి సంఘ పెద్దని. సారా తాగేవాళ్లని గద్దించడం, అబద్ధాలాడేవాళ్లని నిలదీయడం నా పని. మా అక్క కొడుకు బలరాం కాలేజీలో పాఠాలు చెబుతాడు. మంచీ చెడూ ఊరిని బట్టి, కాలాన్ని బట్టి మారతాయని, ఎవరి నిజం వాళ్లదని వచ్చినప్పుడల్లా నాతో వాదన పెట్టుకుంటాడు. దేవుడు ఒక్కడే, నిజమూ ఒక్కటే, అది నీ కోసమూ నా కోసమూ వంగదురా అని నేను బల్ల గుద్ది చెప్పేవాణ్ణి. ఒకసారి నిజంగానే గుద్దితే బల్ల కాలు ఊడింది. అది చర్చి బల్ల.

ఇక ఎలుగు సంగతి. ఇప్పపూలు రాలే రోజులవి. నాకు నడుం నొప్పి. రెండు గుక్కల ఇప్పసారా పడితే ఆ నొప్పి ఎటు పోతుందో తెలియదు. మందుగా తాగితే తాగినట్టు కాదని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. ఎవరి కంటా పడకుండా నల్ల గొంగడి నెత్తి మీంచి కప్పుకుని తెల్లవారకముందే అడవికి వెళ్లాను. వంగితే నడుం పట్టేస్తుంది కాబట్టి చెట్టు కింద పాకుతూ పూలేరుతున్నాను. ఇంతలో దగ్గు వచ్చింది.

అటుగా వస్తున్న తుల్సీరాం ఎలుగు, ఎలుగు అని అరుస్తూ పరుగందుకున్నాడు. అడవిలో ఆ మాట వింటే ఎవరైనా ఏం చేస్తారు? నేనూ పరిగెత్తాను. ఆ కంగారులో అతని వెనకే పరిగెత్తాను. అతను వెనక్కి తిరిగి చూస్తే నేను కనబడ్డాను. నేను వెనక్కి తిరిగి చూస్తే ఏమీ కనబడలేదు. అతను బోర్లాపడి, తల తిప్పి నన్ను చూస్తూ యేసయ్యా అన్నాడు. సరిగ్గా అప్పుడే గొంగడి ముళ్లకంపకు చిక్కుకుని నేను మోకాళ్ల మీద కూలబడ్డాను. విషయం బుర్రకెక్కగానే చప్పుడు చేయకుండా పొదల్లోకి జారుకున్నాను.

మొదటి ఆదివారం సాక్ష్యంలో ఎలుగు మోకరించింది. రెండో ఆదివారం కళ్లనీళ్లు పెట్టుకుంది. చుట్టుపక్కల తండాల నుంచి ఆటోల్లో జనం వచ్చారు. భద్రాచలంలో జరిగే సభల్లో చెప్పమని తుల్సీరాంకి కబురు కూడా వచ్చింది. నేను నోరు విప్పితే సారా సంగతి బయటపడుతుంది, పెద్దరికం పోతుంది, మా ఆవిడ హేమ్లి నన్ను వాకిట్లో నిలబెడుతుంది. అందుకని ఊరికి వచ్చిన బలరాంని పక్కకి పిలిచి, ఎవరి నిజం వాళ్లదంటావే, అదేదో మళ్లీ చెప్పరా అన్నాను. వాడు మురిసిపోయి గంటసేపు చెప్పాడు. తుల్సీరాంకి ఎలుగని తోచింది కాబట్టి అతనికి అది ఎలుగేనట. ఇన్నాళ్లూ ఇంత చక్కటి మాటని ఎందుకు కాదన్నానా అని నా మీద నాకే కోపం వచ్చింది.

ఆ మూడో ఆదివారం, తుల్సీరాం కూర్చోగానే, వెనక నుంచి ద్వాలి లేచింది. భర్త పోయిన మనిషి, అరవై దాటాయి. ఎలుగు కనబడిందన్న దారిలోనే రెండు ఇప్పచెట్లు ఆమెవి. అక్కడ ఏరిన పూలతోనే ఆమెకి సగం ఏడాది గడుస్తుంది. ఎలుగు భయంతో మూడు వారాలుగా అటు అడుగు పెట్టలేదు. పూలన్నీ నేలపాలవుతున్నాయి.

"సాక్ష్యం మంచిగున్నది. పూలు ఇంకో ఎనిమిది రోజులు రాలుతయ్. ఆడ ఎలుగు ఉన్నదా, లేదా? నేను పోవాల్నా, వద్దా?" అని అడిగింది.

తుల్సీరాం రేకులు లెక్కపెడుతున్నట్టు పైకి చూశాడు. బలరాం లేచి, అలా అడగకూడదన్నాడు. తుల్సీరాం అనుభవంలో ఎలుగు ఉందని, ఆమె అనుభవంలో లేకపోవచ్చని, రెండూ నిజాలేనని ఓపిగ్గా వివరించాడు. ఆమె అంతకన్నా ఓపిగ్గా విన్నది.

"గట్లనా బిడ్డా. నన్ను ఎలుగు పీకినంక అది ఎవరి నిజమని ఎవల్ని అడగాలె?"

బలరాం కూర్చున్నాడు. ఆమె నా వైపు తిరిగింది.

"తమ్మీ, నిజం ఒక్కటే అంటవు గద. గా ఒక్కటి ఏందో నువ్వన్న చెప్పు."

అబద్ధ సాక్ష్యం చెప్పకూడదన్న ఆజ్ఞని పిల్లలకి వల్లె వేయించింది నేనే. నోరు మూసుకుని కూర్చోవడం కూడా అబద్ధ సాక్ష్యమేనని, దాని వల్ల ఈ మనిషి మూడు వారాలుగా నష్టపోతోందని అప్పుడు తెలిసింది. సిగ్గేసింది. లేచాను.

"ఆ ఎలుగుని నేనే అక్కా."

గొంగడి కప్పుకుని ఇప్పపూలేరడానికి పోయానని చెప్పినా ఒక్కరూ నమ్మలేదు. వెనకెవరో హల్లెలూయా అన్నారు. ద్వాలికి ధైర్యం ఇవ్వడానికి పెద్దాయన నింద నెత్తిన వేసుకుంటున్నాడని తుల్సీరాం కళ్లు తుడుచుకున్నాడు. పాస్టర్ ప్రభాకర్ గారు నా భుజం తట్టి, ప్రేమ మంచిదే కానీ ప్రేమ కోసం ఆడినా అబద్ధం అబద్ధమేనని, దాన్ని దేవుడు ఒప్పుకోడని మెత్తగా మందలించారు. మూడు వారాల్లో మొదటిసారి నిజం చెబితే దక్కిన మర్యాద ఇది.

నాకు తిక్క రేగింది. స్పీకర్ల మీద కప్పే నల్ల దుప్పటి లాగి నెత్తిన వేసుకున్నాను. నేల మీదకి దిగి, తుల్సీరాం వైపు పాకుతూ గట్టిగా దగ్గాను.

తుల్సీరాం కిటికీలోంచి దూకాడు.

జనం కిటికీ వైపూ నా వైపూ మార్చి మార్చి చూశారు. ఆ తర్వాత హేమ్లి గొంతు వినబడింది. ఇప్పపూలు ఎందుకేరినవ్ అని ఒకే ఒక్క మాట అడిగింది. వంటకని అనొచ్చు. పశువులకని అనొచ్చు. దుప్పటి కిందే ఉండి, సారాకి అన్నాను.

దేవుడి పేరు నిలబెట్టడానికి మనం ఎలుగుల్ని పుట్టించనక్కర్లేదని పాస్టర్ గారు అందరికీ చెప్పారు. ఏడాదిపాటు నా పెద్దరికం తీసేశారు. తుల్సీరాం తలుపులోంచి వచ్చి, చేతులు జోడించడమూ ఏడవడమూ తను కలిపినవేనని ఒప్పుకున్నాడు. భద్రాచలం ప్రయాణం ఆగిపోయింది. హేమ్లి నాతో మాట్లాడటం మానేసింది, నేను మాత్రం ఆ సాయంత్రం చాలా రోజులకి కడుపునిండా తిన్నాను.

సోమవారం పొద్దున్నే ద్వాలి బుట్టతో మా వాకిట్లో నిలబడింది. పద, ముందు నువ్వు నడువు అంది. ఆ రోజు ఎలుగుని నేనే. కానీ అంత అడవిలో ఇంకోటి లేదని ఎవరు చెప్పగలరు? ఏమీ లేదక్కా, ధైర్యంగా పో అనేసి లోపలికి వెళ్దామని నోటిదాకా వచ్చింది.

"ఆ రోజుది నేనే. నిజమైంది ఉన్నదో లేదో నాకు తెల్వదక్కా" అన్నాను.

"తెల్వదన్నవు సూడు, గదీ నిజమే. అందుకే నిన్ను ముందు నడవమంటున్న" అంది.

ఎనిమిది రోజులూ ఆమె ముందు నేనే నడిచాను. నడుం ఎంత పీకినా నిటారుగానే నడిచాను, మళ్లీ ఎవరూ నన్ను చూసి ఎలుగనుకోకుండా.