ఏడు వారాల పొడి

ఒండీనా చెయ్యి ఊరుకోదు. కాఫీ పొయ్యి మీద పెట్టి తడుముతుంది, కాఫీ పొంగిపోయాక తిట్టుకుంటూ మళ్లీ తడుముతుంది. తన ముసలి కుక్క బిస్కా ఎడమ డొక్క మీద, బొచ్చు పాయ తీస్తే, శనగగింజంత ఎర్రటి గడ్డ. నిన్న ఇంతే ఉందా? ఇంతకంటే చిన్నదా? సాయంత్రం ఒకలా, పొద్దున ఒకలా తోస్తుంది.

"మొదలెట్టావా?" అన్నాడు అన్న గ్విదో, రొట్టె కోస్తూ. "ఆ కుక్క నీ చెయ్యి చూస్తేనే బల్ల కిందికి దూరుతోంది."

"నీకెందుకు?"

"నా మోకాలు ఇరవయ్యేళ్ల నుంచి వాచి ఉంది. ఒక్కరోజు తడిమావా?"

ఒండీనా గడ్డల మందు డబ్బా మూత తీసి రెండు చెంచాల పొడి మాంసం ముక్కల మీద చల్లింది. పసుపు, ఎండు పుట్టగొడుగు, ఇంకా నోరు తిరగని పేర్లున్న వేళ్లేవో. డబ్బా మీద రెండు ఫొటోలు: ఒకదాంట్లో గడ్డలున్న ముసలి కుక్క, ఇంకోదాంట్లో గడ్డల్లేని ముసలి కుక్క. రెండు కుక్కలకీ చెవులు వేరువేరు. అది చూడ్డానికి ఓ మాదిరి కళ్లు చాలు. కానీ భయపడ్డ మనిషి చెవులు చూడదు. భయపడ్డ మనిషికి డబ్బా అమ్మినంత తేలికైన పని లోకంలో ఇంకొకటి లేదు.

"ఆ పొడి నాకైనా పెట్టవే. లేదంటే కుక్కని పశువుల డాక్టరమ్మకి చూపించు."

"చూపిస్తే ఊరంతా చూస్తుంది అన్నయ్యా."

అదీ సంగతి. మిర్నా ఏటి లోయలో మట్టి కింద ఊరే ఖరీదైన పుట్టగొడుగు, ట్రఫుల్, ఏరుకుని బతికేవాళ్ల రివాజు అది. అడవి సర్కారుది, కానీ చోటు కుక్కది. ఏ ఓక్ చెట్టు వేళ్ల దగ్గర, ఎంత లోతున ఆ తెల్ల పుట్టగొడుగు ఊరుతుందో కుక్కకి తెలుసు, దాని వెనక నడిచే మనిషికి తెలుసు. చెప్పరు. పెళ్లాం మొగుడికి చెప్పదు. కుక్క పడిపోయిందని తెలిసిందా, మర్నాడు తెల్లారేసరికి నీ చోట్లో నాలుగు జతల బూట్ల గుర్తులుంటాయి. డాక్టరమ్మ గదిలో కూర్చునే బల్ల మీద సగం మంది ట్రఫుల్ ఏరేవాళ్లే. అందుకని ఒండీనా తన పాత స్వెటర్ చెయ్యి కత్తిరించి బిస్కాకి తొడుగు కుట్టింది. పొడి పోస్టులో తెప్పించింది. పన్నెండేళ్ల కుక్కకి మత్తిస్తే లేవదేమోనని కూడా తనకి తను చెప్పుకుంది. అది నిజమైన భయమే. కానీ మొదటి భయం కాదు.

మూడో వారంలో గడ్డ తగ్గింది. ఒండీనా వంటింట్లో నిలబడి ఏడ్చింది. నాలుగో వారం ఉబ్బింది. చెంచా తక్కువ వేశానేమోననుకుని ఇంకో చెంచా పెంచింది. మళ్లీ తగ్గింది. చేపనూనె మాత్రలు కలిపింది. మళ్లీ ఉబ్బింది. తగ్గినప్పుడల్లా పొడి గొప్పతనం, ఉబ్బినప్పుడల్లా తన తప్పు. అమ్మినవాడికి ఇంతకంటే మంచి లెక్క ఎవరు రాసిస్తారు?

ఏడో వారం, అక్టోబరు పొద్దున, పొగమంచులో అడవికి పోయారు. బిస్కా ఓ చెట్టు కింద ఆగి నేల గీరడం మొదలుపెట్టి, సగంలో మానేసి, వెనక్కి తిరిగి డొక్క నాకడం మొదలుపెట్టింది. తొడుగు మీద ఎర్రటి మరక పాకింది. ఒండీనా మోకాళ్ల మీద పడి తొడుగు లాగేసింది. గడ్డ పగిలింది.

"చలికాలం రాకుండానే స్వెటరేంటక్కా దానికి? పెళ్లికి తీసుకెళ్తున్నావా?"

ఎల్వియో. పక్క ఊరివాడు, ఆమెకంటే పదేళ్లు చిన్న, ఆమె చోట్ల కోసం చొంగ కార్చేవాళ్లలో మొదటివాడు. ఒండీనా తన కోటు కుక్క మీద కప్పేసింది.

"నీ దారిన నువ్వు పో."

"కప్పినా తెలుసులే. సెప్టెంబరు నుంచీ అందరికీ తెలుసు. కుక్కకి ఎండలో ఉన్ని తొడిగితే ఏం దాస్తున్నారో తెలీదా?" వాడు దగ్గరకొచ్చి కోటు అంచు ఎత్తి చూశాడు. నవ్వు ఆగిపోయింది. "ఉబ్బి తగ్గుతోందా?"

"...ఊఁ."

"ఏం పెడుతున్నావ్?"

"పొడి. ఏడు వారాలైంది."

"నేను మా కుక్క లోలాకి అయిదు నెలలు పెట్టాను."

"లోలా కారు కింద పడిందన్నావుగా?"

"అన్నాను." వాడు టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "నా చోట్లు ఎవడో లాక్కుంటాడని అన్నాను. లాక్కోలేదు. లోలానే పోయింది. లే అక్కా, నా బండిలో కూర్చో."

"నీ బండి నాకక్కర్లేదు."

"అక్కర్లేకపోతే నడుచుకుంటూ పో, డాక్టరమ్మ పదింటికల్లా పశువుల కోసం ఊళ్ల మీదికి వెళ్లిపోద్ది. నీ పొగరు, నీ ఇష్టం."

ఒండీనా లేచింది. కుక్కని ఎత్తుకుని అతని బండెక్కింది.

డాక్టర్ మొరానా సూదితో చుక్క లాగి, గాజు పలక మీద పూసి, రంగు వేసి, మైక్రోస్కోపులో చాలాసేపు చూసింది. బిస్కా మెడ కింది పులిపిర్లని వేలితో నొక్కి, "ఇవి ఏం చెయ్యవు" అంది. డొక్క మీదిది చూపించి, "ఇది చెడ్డది. ఇవాళే తీసేద్దాం" అంది.

"తగ్గింది డాక్టరమ్మా. రెండుసార్లు తగ్గింది. పొడి పెడితే..."

"ఈ రకం గడ్డ దానంతటదే ఉబ్బి, దానంతటదే తగ్గుతుంది. నువ్వు ఇసుక పెట్టినా తగ్గేది."

"పొడి వల్లే చెడిందా?"

"పొడి ఏం చెయ్యలేదమ్మా. మంచీ చెయ్యలేదు, చెడూ చెయ్యలేదు. చెడగొట్టింది ఆ ఏడు వారాలు. అప్పుడు గోరంత కోసేదాన్ని. ఇప్పుడు అరచేతంత కొయ్యాలి."

"ముసలిది. మత్తు తట్టుకుంటుందా?"

"గుండె విన్నాను, బాగుంది. మాటివ్వను. కానీ వదిలేస్తే ఏమవుతుందో మాత్రం మాటివ్వగలను."

ఒండీనా సంతకం పెట్టింది. పేరు వంకరగా వచ్చింది.

బయట బల్ల మీద ఆమెకి తెలిసిన నలుగురున్నారు. కూర్చోలేకపోయింది. కిటికీ దగ్గరకి, తలుపు దగ్గరకి, మళ్లీ కిటికీ దగ్గరకి. ఫోను మోగింది. గ్విదో.

"ఏమే, మన చోటుకి పోయే మలుపు దగ్గర ఎవరిదో బండాగి ఉందంట. ఇద్దరు కుక్కలతో దిగారంట. పరిగెత్తుకు రా!"

"తవ్వుకోనీ."

"ఏంటి?"

"తవ్వుకోనీ అన్నయ్యా. బిస్కా లోపలుంది, కోస్తున్నారు." పెట్టేసింది.

బల్ల చివర కూర్చున్న ముసలామె ఒళ్లో కుక్కపిల్లని సర్దుకుంటూ మెల్లగా అడిగింది, "ఏమైంది బిస్కాకి?"

ఏడు వారాలుగా దాచిన మాట. ఒండీనా గట్టిగానే చెప్పింది, గదంతా వినేలా. "కాన్సర్ గడ్డ. పొడి పెడుతూ కూర్చున్నాను. మీ ఇళ్లల్లో అట్లాంటి డబ్బా ఉంటే దాన్నొదిలేసి, కుక్కని పట్టుకురండి."

ఒకడు నేల చూశాడు.

పన్నెండు దాటాక తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటూ, "కళ్లు తెరిచింది. కోసిన ముక్క అంచులు శుభ్రంగా ఉన్నాయో, లోపల ఇంకా గడ్డ మిగిలిందో చూడ్డానికి పరీక్షకి పంపుతాను, పది రోజులు పడుతుంది. అంతవరకు నేనేం చెప్పలేను" అంది.

పది రోజులు. ఒండీనా బూట్ల మట్టితోనే లోపలికి పోయింది. బిస్కా నాలుక పక్కకి వేలాడేసుకుని పడుకుంది, డొక్క మీద జానెడు కుట్టు. తోక ఒకసారి బల్లకి తగిలింది. ఒండీనా వంగి ముందు కాలు పట్టుకుంది. వేళ్ల సందులు, చంక, పొట్ట అంచు, తొడ లోపల, ఒక్కొక్క చోటా బొచ్చు పాయ తీసి చూసింది.

"డాక్టరమ్మా, ఇక్కడ. ఇదేంటి? ఇది కూడా చూడండి."