ఇరవై నాలుగు తర్వాత ఒకటి

మనవరాలు పుట్టిందన్న కబురు ఫోన్‌లో వినగానే సర్వర్ బీ ఒళ్ళోని బీడీల చేటను పక్కకు తోసేసింది. తునికాకులు గదంతా చెల్లాచెదురయ్యాయి. "ఆడపిల్ల! ఆడపిల్ల!" అని కోరుట్లలో ఆ వాడంతా వినేట్టు అరిచి, గూట్లోంచి తేనె సీసా తీసి కొంగున ముడేసుకుంది.

ఆ తేనె సంగతి చెప్పాలి. పుట్టిన పిల్ల నాలుకకు మొట్టమొదట ఎవరు తేనె తాకిస్తే పిల్లకు వాళ్ళ గుణమే వస్తుందని వాళ్ళ ఇళ్ళలో నమ్మకం. జగిత్యాల ఆస్పత్రి నుంచి ఫోన్ చేసిన అల్లుడు తౌసీఫ్ చివర్లో నెమ్మదిగా ఇంకో మాట చెప్పాడు.

"మా అమ్మీ గూడ సిరిసిల్లల జీపెక్కింది. ఇద్దర్ల ఎవలు ముందొస్తె వాళ్ళే తేనె నాకిస్తరు."

వియ్యపురాలు జైతూన్ బీ చెడ్డ మనిషేం కాదు. కోడలు బుష్రాను పల్లెత్తు మాట అని ఎరుగదు. కానీ ఆమె నవ్వగా చూసినవాళ్ళు లేరు. పెళ్ళి ఫోటోలో కూడా పన్ను పీకించుకోవడానికి వచ్చి కూర్చున్నట్టుంటుంది. ఆ మొహం పిల్లకు వస్తే? సర్వర్ బీ కొంగు ముడి ఇంకోసారి బిగించింది.

సకల జనుల సమ్మె మొదలై రెండు వారాలు. బస్సుల్లేవు. ఇరవై ఏళ్ళుగా తనతో ఒకే అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టే మొగిలవ్వను తోడు తీసుకుని ఆటో ఎక్కింది. ఊరు దాటారో లేదో ఆటో ఆగిపోయింది. రోడ్డుకు అడ్డంగా ఎడ్లబండి, పక్కన టెంటు, టెంటు ముందు తారు మీదే రాళ్ళ పొయ్యి, పొయ్యి మీద ఉడుకుతున్న పప్పు.

"నాలుగింటి దాక రాస్తారోకో," అన్నాడు సంజీవ్. డిగ్రీ చదువుతున్నాడు, అక్కడి అడ్డంకికి అతనే పెద్ద. మాట వీళ్ళతో, చూపు మాత్రం చేతిలోని ఫోన్లో.

"కాన్పు కొడుకా, ఇడిసిపెట్టు," అంది మొగిలవ్వ.

"ఎవలకు?"

"ఈమె బిడ్డకు. పొద్దుగాల్నే అయింది, పిల్లకు తేనె నాకియ్య పోతున్నం."

"అయిపోయినంక ఇంకేం తొందర చిన్నమ్మా? అంబులెన్సయితె ఇడుస్తం. ఇయ్యాల తేనె సీసకు ఇడిస్తె, రేపు తొక్కు డబ్బకు గూడ ఇడువుమంటరు."

టెంట్లో కూర్చున్నవాళ్ళు పగలబడి నవ్వారు. "ఆన్ని ఇసిగియ్యకుండ్రి," అన్నాడొకడు. "నాలుగు రోజులాయె, ఎండ్రకాయ సస్తలేదని బువ్వ గూడ తింటలేడు."

ఆ ఎండ్రకాయ, అంటే పీత, ఫోన్‌లోది. అరచేతిలో సగమైనా లేని తెర మీద ఒక రాకెట్టు, ఎదురుగా గుంపులు గుంపులుగా వేరే లోకం బండ్లు. మీట నొక్కి వాటిని పేల్చుకుంటూ పోవాలి. చివర్న తెర నిండా ఒక ఎండ్రకాయ దిగుతుంది. ఆగకుండా నలభై దెబ్బలు కొడితేగాని చావదు. సంజీవ్ బొటనవేలు ముప్పైకే మొరాయిస్తోంది.

సర్వర్ బీ వంగి చూసింది. "గదేం ఒత్తుడు? రొట్టెల పిండి పిసికినట్టు."

"అయితె నువ్వే ఒత్తు. గిది సచ్చిందనుకో, ఎడ్లబండి నేనే జరుపుత."

"ఒట్టు?"

"తెలంగాణ మీద ఒట్టు!"

ఆ మాట వినగానే టెంటు టెంటంతా లేచి వచ్చి చుట్టూ మూగింది. మొత్తం మూడు రాకెట్లు, అంటే మూడుసార్లు చావొచ్చు. రోజుకు వెయ్యి బీడీలు చుట్టే వేళ్ళవి. మీట మీద పడగానే టకటకమని వానలా కురిశాయి. బండ్లు వచ్చినవి వచ్చినట్టే పేలిపోయాయి. ఈలలు మోగాయి. ఎండ్రకాయ దిగింది. దెబ్బ మీద దెబ్బ పడుతుండగా, ఉన్నట్టుండి సర్వర్ బీ వేలు ఆగింది. రెండు చేతులూ ఫోన్‌ను నిలువుగా పట్టి, మోకాలి మీద తట్టి, లేని దారం చుట్టబోయాయి. రాకెట్టు ముక్కలైంది.

"ఏమైంది చిన్నమ్మా?"

"ఏమోనయ్యా. చెయ్యి దానంతటదే ఆగింది."

రెండోసారీ అంతే. అదే చోట ఆగడం, అదే తట్టడం. మొగిలవ్వ నెత్తి కొట్టుకుంది.

"ఓసి పిచ్చిదానా! కట్ట గడుతున్నవే నువ్వు!"

బీడీ కట్టకు ఇరవై ఐదు. ఇరవై ఐదు కాగానే వేళ్ళు వాటంతటవే కొత్తవి చుట్టడం ఆపి, కట్ట సరిచేసి దారం చుడతాయి. సర్వర్ బీ చెప్పినా వినే వేళ్ళు కావవి.

"ఇగ ఒక్కటే ఉంది, ఎట్లనే మొగిలీ?" తెర మీద ఎండ్రకాయ అచ్చం జైతూన్ బీలాగే మూతి ముడుచుకుని చూస్తోంది.

"నువ్వు లెక్కవెట్టకు. నేను వెడుత. నా నోరే ఇను, ఇంకేం ఇనకు."

ఎండ్రకాయ మళ్ళీ దిగగానే మొగిలవ్వ చెవి పక్కన మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు... ఇరవై మూడు, ఇరవై నాలుగు, ఒకటి! రెండు! సర్వర్ బీ చేతులు ఒక్క క్షణం తబ్బిబ్బయి, కట్ట ఇంకా నిండలేదు కాబోలనుకుని ముందుకురికాయి. చుట్టూ ఉన్నవాళ్ళకు కిటుకు తెలిసిపోయింది. మూడు! నాలుగు! అని ముప్పై గొంతులు ఒక్కసారి లేచాయి. పదిహేను, పదహారు అంటుండగా ఎండ్రకాయ తెర నిండా మెరుపులు చిమ్ముతూ పేలిపోయింది.

పప్పు కలుపుతున్న ఆమె గరిటెతో గిన్నె మీద వాయించింది. సంజీవ్ ఎడ్లబండి కాడి తానే ఎత్తి పక్కకు లాగాడు. "జర ఆగు కొడుకా, ఇంకోటేదో వస్తంది," అని సర్వర్ బీ ఇంకా మీట నొక్కుతూనే ఉంటే, మొగిలవ్వ ఫోన్ గుంజుకుని అతని చేతిలో పెట్టింది. అతను ముందున్న అడ్డంకుల వాళ్ళందరికీ ఫోన్ చేశాడు. "తేనె బండొస్తంది. ఆపకుండ్రి." దారి పొడుగునా ఎవరూ ఆపలేదు. ఒకచోట ఎవరో ఆటోలోకి రెండు మంచినీళ్ళ ప్యాకెట్లు విసిరారు.

ఆస్పత్రిలో పిల్ల కళ్ళు మూసుకుని, పెదాలు చప్పరిస్తోంది. సర్వర్ బీ సీసా మూత తీసి వేలు ముంచబోతుండగా తలుపు దగ్గర జైతూన్ బీ కనిపించింది. చెప్పులు చేతిలో ఉన్నాయి, మోకాళ్ళ దాకా దుమ్ము. కొడిమ్యాల దగ్గర జీపు ఆపేస్తే పొలాల గట్ల మీద నడిచి, అడ్డంకి దాటాక ఎవరిదో బండి వెనక కూర్చుని వచ్చిందట.

ఆమె సీసా వైపు చూసింది. "అన్ని తొవ్వలు బందున్నయి గద, నువ్వెట్లొచ్చినవ్?" అంది.

"ఎండ్రకాయను సంపి."

జైతూన్ బీ మొహంలో ఏ మార్పూ లేదు. మొగిలవ్వకు ఊరుకోబుద్ధి కాలేదు. ఫోన్ పట్టుకున్నట్టు రెండు బొటనవేళ్ళూ ఆడించి, మోకాలి మీద తట్టి, లేని దారం చుట్టి, "ఇరవై మూడు, ఇరవై నాలుగు, ఒకటి!" అని అరిచింది.

ముందు జైతూన్ బీ ముక్కుపుటాలు అదిరాయి. తర్వాత భుజాలు. తర్వాత, సిరిసిల్లలో మగ్గాలన్నీ ఒక్కసారి నడిచినట్టు, పెద్ద నవ్వు. గోడ పట్టుకుని కింద కూలబడేంత నవ్వు. మంచం మీద బుష్రా నోరు తెరిచి చూస్తోంది.

సర్వర్ బీ ఒక్క ఉదుటున వియ్యపురాలి చెయ్యి పట్టుకుని, ఆమె వేలు తేనెలో ముంచి, పిల్ల దగ్గరకు లాగింది.

"హస్తీచ్ రహో, సమ్ధన్!" నవ్వు ఆపొద్దని బతిమాలుతోంది. "ఆపకు! గట్లనే పెట్టు, జల్ది పెట్టు!"