చిత్రావతి సీసాలో చిటికెడు సోడా

ఒకటి: నెలలో మొదటి మంగళవారం హిందూపురం దగ్గర పెన్న నీళ్ళు, రెండు సీసాలు.
రెండు: అదే రోజు పెనుకొండ అవతల రొద్దం దారిలో మళ్ళీ పెన్న, రెండు సీసాలు.
మూడు: పొద్దుగూకే లోపల ధర్మవరం దగ్గర చిత్రావతి, రెండు సీసాలు. వీటికి ఎర్ర చీటీ.
నాలుగు: సీసాను ఏటి నీళ్ళతో మూడుసార్లు కడిగి, బుడగ లేకుండా అంచుదాకా నింపాలి.
ఐదు: చిన్న సీసాలోని మందు రెండు చుక్కలు వేయాలి. చేతి తొడుగులు లేకుండా ముట్టరాదు.
ఆరు: బిరడా పెట్టి రబ్బరు పట్టీ బిగించాలి.
ఏడు: చీకట్లో, చల్లగా ఉంచాలి.
ఎనిమిది: శుక్రవారం లోపల పార్సెల్ చేయాలి.
తొమ్మిది: తాళం వేసిన గదిలోనే ఉంచాలి. ఇళ్ళలో ఉంచరాదు.

ఈ కాగితాన్ని సుకన్య తన నోటుపుస్తకం అట్టకు లోపలివైపు అంటించుకుంది. ఎనిమిది పనులూ పొల్లుపోకుండా చేసింది. తొమ్మిదోది చేయలేదు. తాళం వేసే గది ఆమెకు ఎవరూ ఇవ్వలేదు, ఆమె అడగనూ లేదు. తమ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి తనే. గది కావాలంటే, గది ఉన్నవాళ్ళనే పెట్టుకుంటాం పొమ్మంటారేమోనని భయపడింది.

పొగ గొట్టాలు, బండ్లు వదిలే బొగ్గుపులుసు గాలిని సముద్రం పీల్చుకుంటుంది. అందుకే ఏటేటా దాని నీళ్ళు పులుపెక్కుతున్నాయి. నదులు మోసుకుపోయే సున్నం, సుద్ద ఆ పులుపుకు కొంత విరుగుడు. ఏ నది ఎంత విరుగుడు తీసుకుపోతోందో తేల్చడానికి కేంద్రం ఒక ప్రాజెక్టు పెట్టింది. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసిన సుకన్యకు పెన్న, చిత్రావతి అప్పజెప్పారు. ఏడాది కాంట్రాక్టు. నెలనెలా నీళ్ళు వరుస తప్పకుండా అందితేనే రెండో ఏడు ఉంటుంది. ఒక్క నెల తప్పినా ఆ వరుస పనికిరాదు, ఆమే పనికిరాదు.

ఇంత సంగతి ధర్మవరంలో ఆమె వీధికి చెప్పి ఒప్పించడం ఎవరి తరమూ కాలేదు. అది పట్టుకు రంగులద్దే వీధి. ఇంటికో షెడ్డు, షెడ్డుకో తొట్టి. రంగు పట్టు మీద నిలవాలంటే తొట్టిలో యాసిడ్ పోయాలి. నీళ్ళలో యాసిడ్ ఎంత ఉందో చూసే మనిషి అనగానే వాళ్ళకు తాళాలూ నోటీసులే గుర్తొచ్చాయి.

ఆగస్టులో ఆమె చిత్రావతిలో వంగి సీసా నింపుతుంటే ఒడ్డు మీద మంజునాథ్ బండి ఆపాడు. ఆ వీధిలో అందరికంటే పెద్ద షెడ్డు అతనిదే. వెనక ఇంకో ముగ్గురు.

“ఏమ్మే, ఎవురి కొంప ముంచేదానికి పడతాండావు ఆ నీళ్ళు?”

“ఇది సముద్రం కోసం అన్నా. షెడ్లకేం సంబంధం లేదు.”

“సముద్రం యాడుండాది, మనం యాడుండాం? ఈ ఏరు పారేదే అపురూపం. ఇది పొయ్యి సముద్రంలో కలిసేలోపల నువ్వు ముసిల్దానివైపోతావు.”

ముగ్గురూ నవ్వారు.

“తొడుగులేసుకుండాది చూడండప్పా,” అన్నాడు మంజునాథ్. “తొట్టి కింద కట్టెలు ఎగదోసిన చేతులు. ఇప్పుడు మన నీళ్ళు తగిల్తే మైల పడతాయంట.”

సుకన్య సీసా వెలుతురుకెత్తి బుడగ ఉందేమో చూసుకుంది. ఉంది. ఒంపేసి మళ్ళీ మొదటినుంచి నింపింది.

ఇంటికొస్తే పెదనాయన పుల్లయ్య అంతకంటే తక్కువేమీ కాదు. నాయన ఈరప్ప పోయాక అమ్మ పుట్టింటికి, గాండ్లపెంటకు వెళ్ళిపోయింది. అప్పటినుంచి సుకన్యకు ఈ ఇల్లే ఇల్లు, అవ్వ కృష్ణమ్మే అమ్మ.

“ఆ సీసాల్లో మన తొట్టి మురుగు అగపడిందంటే షెడ్డు మూసేస్తారు. అప్పుడు నీ సదువును ఉడకేసుకొని తినల్ల మనం,” అన్నాడు పుల్లయ్య.

“మురుగు చూడరు పెదనాయనా. పులుపు, దాని విరుగుడు చూస్తారు.”

“పులుపంటే యాసిడే గదా. నాకు చెప్పేదానికొచ్చినావు.”

ఆ మాటకు అవ్వ తలెత్తింది. డెబ్బై రెండేళ్ళ మనిషి. యాభై ఏళ్ళు తొట్టి దగ్గరే గడిపింది. నీళ్ళు పులిశాయో లేదో చెప్పడానికి ఆమెకు ఏ యంత్రమూ అక్కర్లేదు. వేలు ముంచి, నాలుక కొనకు తాకించి, తుపుక్కున ఉమ్మి చెప్పేది. వీధిలో ఎవరి తొట్టి మొరాయించినా ఆమెనే పిలిచేవారు. పులుపు మించితే దోసెడు సోడా వేయించేది. తగ్గితే యాసిడ్ పోయమనేది.

పెరటి గదిలో, నేసేవాళ్ళు కాళ్ళు దించి కూర్చునే పాత మగ్గం గుంట ఒకటి ఉంది. మగ్గం తీసేసి పదేళ్ళయింది, గుంట మాత్రం అట్లానే ఉంది. చీకటి, చల్లదనం రెండూ ఉన్న చోటు ఇంట్లో అదొక్కటే. సుకన్య ఆరు సీసాలూ అందులో దించి పైన గోనెసంచి కప్పింది.

“మనూరి నీళ్ళు ఏవి పాపా?” అనడిగింది అవ్వ.

“ఎర్ర చీటీవి. ముట్టుకోవద్దవ్వా.”

“ఏమైతాది?”

ఆ రెండు చుక్కల మందు పాదరసం కలిసిన విషం. నీళ్ళలో పురుగూ పాచీ పెరిగి లెక్క చెడిపోకుండా వేస్తారు. విషమంటే పెదనాయన సీసాలన్నీ వీధిలో పారేస్తాడు.

“పాడైపోతాయి,” అని మాత్రం చెప్పింది సుకన్య.

సెప్టెంబరులో అవ్వ నోట్లో పూత లేచింది. సంకటి ముద్ద నోట్లో పెట్టుకుంటే రాగి చెంబు నాకినట్టుంది అనేది. ఎండాకాలపు వేడి ఇంకా పోలేదేమోనని సుకన్య మందుల షాపులో మాత్రలు తెచ్చిచ్చింది.

అక్టోబరులో, నీళ్ళు పట్టిన మూడో రోజు ఉదయం, ఉమాశంకర్ చెప్పాపెట్టకుండా జీపులో దిగాడు. సముద్రతీరంలోని లాబ్‌లో ఈ ప్రాజెక్టు చూసే శాస్త్రవేత్త ఆయనే. నడవాలో కూర్చోమన్నా కూర్చోలేదు.

“హిందూపురం సరిగ్గా ఉంది. పెనుకొండ సరిగ్గా ఉంది. ధర్మవరం చూస్తే రెండు నెలలుగా విరుగుడు పొంగి పొర్లుతోంది. ఈ లెక్కే నిజమైతే చిత్రావతి ఒక్కటే బంగాళాఖాతాన్ని కాపాడేస్తుంది. మీరు ఏం కలిపారు?”

“నేనేమీ కలపలేదు సార్.”

“మీ వాళ్ళకు రంగుల షెడ్డుందని నాకు చెప్పలేదు. వీధిలో అడిగితే తెలిసింది. యాసిడ్ బయటపడకుండా మీరే సర్దారు. ఈ పనిని దొంగతనమంటారు మా దగ్గర.”

పుల్లయ్య తువ్వాలు భుజాన వేసుకుని లోపలినుంచి వచ్చాడు. “మా ఇంటికొచ్చి మా పిల్లను దొంగంటాండావు. నువ్వెవురప్పా?”

“మీరు పక్కకుండండి.”

“నా ఇంట్లో నన్ను పక్కకుండమనేదానికి నీకెంత బలుపు.”

ఉమాశంకర్ సంచిలోంచి ఒక ఖాళీ సీసా తీసి సుకన్య చేతిలో పెట్టాడు. సెప్టెంబరుది, ఎర్ర చీటీది. బిరడాకు రబ్బరు పట్టీ లేదు. దాని బదులు ఆకుపచ్చ పట్టుదారం నాలుగు చుట్లు చుట్టి ఉంది. గుంట చీకట్లోనే పెట్టెకెత్తి పార్సెల్ కట్టినప్పుడు సుకన్య అది చూడనే లేదు. కొసలు బయటికి కనిపించని ముడి. పడుగు పోగు తెగితే నేతలో అగుపించకుండా అతికే ముడి అది. ఈ కాలం వాళ్ళెవరూ అట్లా వేయరు. సుకన్యకు ఆ ముడి చిన్నప్పటినుంచీ తెలుసు. ఆమె జడకు రిబ్బను అట్లానే కట్టేవారు.

ఆమె పెరటి వైపు చూసింది. గడప దగ్గర అవ్వ నిలబడి ఉంది.

“దాన్నేమీ అనద్దండి సారూ,” అంది కృష్ణమ్మ. “నేనే వేసినా. రబ్బరు తెగిపోతే దారం కట్టినా.”

“ఏం వేశారు?”

“సోడా. సముద్రం పులుస్తాందని పాప చెప్పె. మన నీళ్ళు పులుపుంటే షెడ్డు పోతాదని మావోడు చెప్పె. పులిస్తే సోడా వేసేది మా పని గదా. షెడ్డూ ఉంటాది, పాప ఉద్యోగమూ ఉంటాది అనుకొంటి.”

ఉమాశంకర్ ఏదో అనబోయాడు. సుకన్య అడ్డొచ్చింది.

“అవ్వా, ఎంత వేయాలో నీకెట్ల తెలిసింది?”

“ఎట్ల తెలుస్తాది? నాలిక్కి తాకించి చూసినా. వేయకముందు ఒగసారి, వేసినాక ఒగసారి.”

“ఎప్పుడు?”

“నువ్వు నీళ్ళు తెచ్చినప్పుడంతా. ఈ నెలవి నిన్న చూసినా.”

ఉమాశంకర్ ముఖంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది. “జీపెక్కించండి,” అన్నాడు.

ఆస్పత్రిలో డాక్టరు ఏం తాగిందని అడిగితే, సుకన్య అందరిముందూ ఆ విషం పేరు చెప్పింది. పక్కనే పుల్లయ్య ఉన్నాడు. ఆయన అరవలేదు. “అది మా ఇంట్లో మూడు నెల్లనుంచి ఉండాదా?” అని మాత్రం అడిగాడు. సుకన్య తలూపింది. ఆయన లేచి బయటికి వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది. మంజునాథ్ ఆస్పత్రి వాకిట్లోనే అన్నాడట, “సముద్రాన్ని బతికిచ్చేదానికి పొయ్యి ముసిల్దానికి విషం పోసింది,” అని.

నెత్తురు, ఉచ్చ పరీక్షకు పంపారు. అవ్వ తాకించి ఉమ్మేసే మనిషి కాబట్టి లోపలికి పోయింది తక్కువేననీ, మూత్రపిండాలు నిలిచాయనీ రెండు రోజులకు తేలింది. ఆ రెండు రోజులూ ఉమాశంకర్ ఊళ్ళోనే ఉన్నాడు. రెండో రోజు మధ్యాహ్నం ఆయన అవ్వ మంచం పక్క స్టూలు మీద కూర్చున్నాడు.

“ఎంత వేశారవ్వా?”

“చిటికెడు. తొట్టికైతే దోసెడు.”

“కొన్ని దేశాల వాళ్ళు ఓడల్లో పోయి సముద్రంలో ఇట్లాంటిదే కలిపి చూస్తున్నారు.”

“మరి నన్నేల తిడ్తాండారు?”

“వాళ్ళు ఏం కలిపిందీ, ఎంత కలిపిందీ చెప్పి కలుపుతారు.”

అవ్వకు ఆ మాట తగల్లేదు. మంచం కాళ్ళవైపు నిలబడ్డ సుకన్యకు తగిలింది.

బయట వరండాలో ఉమాశంకర్ ఒక తెల్ల కాగితం ఇచ్చాడు. “మూడు నెలల ధర్మవరం సీసాలూ దారిలో పగిలాయని రాసివ్వండి. నాకూ తలనొప్పి ఉండదు. మీ కాంట్రాక్టు సంగతి నేను చూస్తాను.” ఆయన గొంతులో ఇప్పటికీ దయ లేదు, తొందర ఉంది.

సుకన్య కాగితాన్ని గోడకు ఆనించి రాసింది. విషం కలిపిన నమూనాలను తొమ్మిదో నిబంధనకు విరుద్ధంగా ఇంట్లో ఉంచానని రాసింది. అది విషమని ఇంట్లోవాళ్ళకు చెప్పలేదని రాసింది. మా అవ్వ కృష్ణమ్మ వాటిలో సోడా కలిపి, రుచి చూసి, ఆస్పత్రిపాలైందని రాసింది. తర్వాత ఈ పనికి వచ్చేవాళ్ళకు తాళం వేసే గది ముందు ఇచ్చి, సీసాలు తర్వాత ఇవ్వమని రాసి సంతకం పెట్టింది.

ఉమాశంకర్ చదివాడు. “ఇది పంపితే మీరు ఉండరు.”

“తెలుసు సార్. సీసాలు పగిలాయని రాస్తే, రేపు ఇంకొకరు కూడా వాటిని ఇంట్లోనే పెట్టుకుంటారు.”

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పోయొస్తానని కూడా అనలేదు.

నవంబరు నుంచి గుడిబండ అబ్బాయి వీరేష్ నీళ్ళు పడుతున్నాడు. అతనికి పెనుకొండలో ఒక గది ఇచ్చారు, తాళంతో సహా. సుకన్య నోటుపుస్తకం అతనికి పంపేసింది. ఇంట్లో పుల్లయ్య ఆమెతో మాట్లాడడు. ఆమె ముట్టుకున్న బిందెలో నీళ్ళు ఒంపేసి వేరే పట్టుకుంటాడు. వీధిలో ఆమె ఎదురైతే మంజునాథ్ చేతులు రెండూ పైకెత్తి, తొడుగులేవని అడిగినట్టు చూపిస్తాడు. మగ్గం గుంటను పెదనాయన మట్టి పోసి పూడ్చేశాడు. అవ్వకు మాత్రం సంకటి మళ్ళీ సంకటిలా ఉంటోంది. విషం తాకిన నాలుకని తొట్టి దగ్గరికి ఎవరూ పిలవరు గనక పొద్దంతా వాకిట్లో కూర్చుంటుంది. ఎందుకు పిలవరో అర్థం కాక, పిలుపు కోసం చూస్తుంది.

ఆ ప్రాజెక్టు లెక్కలు ఎప్పటికైనా అచ్చవుతాయి. ఏ నది సముద్రానికి ఎంత విరుగుడు మోసిందో పట్టికలు వేస్తారు. అందులో ధర్మవరం ఎదురుగా ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు గడుల్లో అంకె ఉండదు, ఒక్కో గీత ఉంటుంది. కింద చిన్నక్షరాల్లో, బయటి క్షారం కలిసినందున తొలగించడమైనది అని రాస్తారు. ఎవరు కలిపారో, ఎందుకు కలిపారో రాయరు. ఆ గీతలు మీ కంటబడితే, ఊరి నీళ్ళకూ మనవరాలికీ మాట రాకూడదని ఆ పులుపును తన నాలుక మీద చూసుకున్న రంగుల షెడ్డు కృష్ణమ్మను ఒకసారి తలచుకోండి.