పదకొండో కంప్యూటర్

ప్రింటర్‌కి ఏ రోగమూ లేదు, పచ్చ దీపం వెలుగుతోంది, కాగితం నిండుగా ఉంది, పక్క బల్లల వాళ్లు పంపినవన్నీ గడగడా వచ్చేస్తున్నాయి, సర్వీసు పత్రాలన్నీ ఉండే ఈ ఒక్క కంప్యూటర్ నుంచి పంపినవే వరసలో కదలకుండా కూర్చున్నాయి, అదీ ఇవాళే, పెద్ద గుమస్తాగారి భార్య ఎదురుగా కూర్చుని ఆయన సర్వీసు ధ్రువపత్రం కోసం చూస్తున్న పూటే, ఆయన పోయి పన్నెండు రోజులు, ఆయన కుర్చీలో నేను, ఏం అమ్మాయ్, మీ మిషన్లకి మాకంటే కోపాలెక్కువే అనేవారు, బాగుచేయడానికొస్తే అరగంట కబుర్లలో పెట్టేవారు, ఇప్పుడే అయిపోతుందండీ అన్నాను ఆవిడతో, తొందరేం లేదమ్మా, ఇంటికెళ్లి మాత్రం చేసేదేముంది అన్నారు, స్క్రీన్ మీద ప్రింటింగ్ వరస తెరిచాను, ధ్రువపత్రం నాలుగోది, దాని ముందు మూడు ఇరుక్కుని ఉన్నాయి, మూడింటికీ ఒకటే పేరు, సెలవు చీటీ, పదిహేడో తేదీ, తొమ్మిది నలభై, తొమ్మిది యాభై రెండు, పదింపావు, పదిహేడంటే ఆయన ఈ బల్ల మీదే తల వాల్చేసిన రోజు.

ఆ పొద్దున్నే కదా నేను ప్రింటర్ అడ్రస్ మార్చింది, ఒక్కో కంప్యూటర్‌లోనూ కొత్త అడ్రస్ పెట్టాలి, లేకపోతే అది ఖాళీ చేసిన ఇంటి తలుపు కొడుతూనే ఉంటుంది, పదకొండింటిలో పది చేశాను, ఈయన దగ్గర కూర్చుంటే ఇక లేవనివ్వరు, తర్వాత చూద్దాంలే అని పై అంతస్తుకి వెళ్లిపోయాను, పదిగంటలప్పుడు ఫోన్ చేశారు కూడా, అమ్మాయ్, నీ మిషన్ నా మీద అలిగింది, కాస్త బతిమాలి పెడతావా, ఒకసారి ఆపి వేసి చూడండి బాబాయ్, మధ్యాహ్నం వస్తాను అన్నాను, ఆయన నవ్వారు, నొప్పి అని ఒక్క మాట అనలేదు, ఒంటిగంటకి నేను దిగివచ్చేసరికి ఈ బల్ల చుట్టూ జనం, చేత్తో నాలుగు ముక్కలు రాసి పడేసి వెళ్లిపోవచ్చుగా, ఎలా రాస్తారు, చేతిరాత సెలవు చీటీ చెల్లదని పదేళ్లుగా అందరివీ తిరగ్గొట్టింది ఆయనే, ఒళ్లు కాలిపోతున్న జ్వరంలో నేనిచ్చిందీ తిరగ్గొట్టారు, రూలంటే రూలే అమ్మాయ్ అంటూ తనే కూర్చుని నా చీటీ టైపు చేసిపెట్టారు.

మూడింటినీ పట్టి రద్దు నొక్కితే సరి, ఎవరికీ తెలియదు, ధ్రువపత్రం వస్తుంది, ఆవిడ వెళ్లిపోతారు, ఏమైందని మేనేజర్ అడిగితే పాత కంప్యూటర్ సార్ అంటాను, రోజూ అందరికీ చెప్పేదే, వేలు మౌస్ మీదే ఉంది, ఆవిడ ఆయన సొరుగులోంచి కళ్లజోడు తీసి కొంగుతో తుడుస్తూ అంటున్నారు, ఆ రోజు పొద్దున్న గుండెల్లో పట్టేసినట్టుందంటే ఎంత పోరానో అమ్మా, ఆఫీసులో సెలవు చీటీ పడేసి వచ్చేస్తా, నువ్వు ఆసుపత్రి గేటు దగ్గరుండు అన్నారు, ఫోన్ చేస్తే ఐదు నిమిషాలు, బయల్దేరుతున్నా అన్నారు, మీ ఆఫీసు నుంచి కబురొచ్చేదాకా అక్కడే నిలబడ్డాను, ముప్పై ఏళ్లలో నా మాట ఏనాడు విన్నారు కనక, ఆయనకి నాకంటే ఆఫీసే ఎక్కువ, ఏడుపు రావట్లేదమ్మా, కోపమొస్తోంది, పోయినవాడి మీద ఇంత కోపమేంటని నాకే భయమేస్తోంది.

రద్దు నొక్కలేదు, కొత్త అడ్రస్ పెట్టాను, మూలనున్న మిషన్ కదిలింది, ఒకటి, రెండు, మూడు, ఆ తర్వాతే ధ్రువపత్రం, నాలుగూ వెచ్చగా ఉన్నాయి, పంపిన తేదీ, టైము అడుగున అచ్చయ్యాయి, ఛాతీలో నొప్పిగా ఉన్నందున ఆసుపత్రికి వెళ్లుటకు, మిగతాది చదవలేకపోయాను, తిడతారు, తిట్టనీ, నా ముఖం మళ్లీ చూడకపోనీ, ఉద్యోగం పోతే పోనీ, ఆ కోపం చేరాల్సింది నాకు, పన్నెండు రోజులుగా ఆయనకి చేరుతోంది, కాగితాలు ఆవిడ చేతిలో పెట్టాను, టైము చూడండమ్మా, మూడుసార్లు ప్రింట్ నొక్కారు, ఆయన మీ మాట విన్నారు, వెళ్లనివ్వనిది నేను.